వేడి తగిలేలోపే వేషం మారుతుంది!

‘రెప్పపాటులో అయిపోయింది’ అంటుంటాం. కానీ రెప్పపాటంటే చాలా ఎక్కువ సమయం అనేవాళ్లూ ఉన్నారు. లేజర్ తగిలిన సిలికాన్ ముక్క సెకనులో లక్ష కోట్లో వంతు సమయంలోనే లోహంలా మెరిసిపోతుందట! అంత చిన్న ముచ్చటతో మనకేం పని అంటారా? ఇంటి మీద సోలార్ పలకకూ, కంటి ఆపరేషన్‌కూ, మీ అమ్మాయి చదువుకూ కూడా దాంతో చుట్టరికం ఉంది. ఆ కథేమిటో చూద్దామా!

శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్తూ ఆరాంఘర్ దగ్గర ఎడమవైపు తిరిగితే కాటేదాన్ వస్తుంది. రేకుల షెడ్లు, లారీలు, ప్లాస్టిక్ కరిగే వాసన, బిస్కెట్లు కాలే వాసన... టిఫిన్ డబ్బాలు పట్టుకుని షిఫ్టులకు వెళ్లే ఆడవాళ్లు. అక్కడ ఏ షెడ్డులోకి తొంగి చూసినా పని చేసేది వేడే. ఇనుము వంగాలన్నా, ప్లాస్టిక్ డబ్బా అచ్చు దిగాలన్నా, బిస్కెట్ కాలాలన్నా నిప్పు ఉండాల్సిందే. మన వంటింట్లోనూ అంతేగా!

అదే రోడ్డు పట్టుకుని చాంద్రాయణగుట్ట దాటి ముందుకెళ్తే బాలాపూర్. అక్కడ ఏఆర్‌సీఐ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థ ఉంది. దాని లేజర్ విభాగంలో లోహాలను కోసే, అతికే పెద్ద లేజర్లు ఉన్నాయి. వాటితోపాటు ఫెమ్టోసెకను లేజర్‌తో కంటికి ఆనని గీతలు చెక్కే పనీ జరుగుతోంది. ఈ రెండో రకం పనికి కాటేదాన్ షెడ్డులో పనికి ఒక్కటే తేడా. ఇక్కడ వేడి పుట్టి పాకేలోపే పని ముగిసిపోతుంది!

ఫెమ్టోసెకను అంటే?

సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్కను పికోసెకను అంటారు. ఆ ముక్కను మళ్లీ వెయ్యి ముక్కలు చేస్తే వచ్చేదే ఫెమ్టోసెకను. ఇలా చెప్తే బుర్రకెక్కదు కదూ! ఇంకోలా చూద్దాం. ఒక ఫెమ్టోసెకనును సెకనంత పొడవు సాగదీశామనుకోండి. అదే లెక్కన అసలు సెకను 3 కోట్ల 17 లక్షల ఏళ్లంత పొడవవుతుంది. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తే కాంతి కూడా 100 ఫెమ్టోసెకన్లలో మన తల వెంట్రుక మందమైనా దాటలేదు.

అంత పొట్టి కాంతి మెరుపును సిలికాన్ మీద వేస్తే ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న. సిలికాన్ ఎందుకంటారా? సెల్‌ఫోన్ చిప్పులోనూ, సోలార్ పలకలోనూ ఉండేది అదే కాబట్టి. ఇలాంటి పదార్థాల్ని సెమీకండక్టర్లు అంటారు. పుస్తకాల భాషలో అర్ధవాహకాలు. కరెంటును రాగి తీగలా ధారాళంగా పోనివ్వవు, గాజులా పూర్తిగా ఆపెయ్యవు.

గిన్నె కన్నా ముందు నూనె!

సెమీకండక్టర్‌ను రెండంతస్తుల ఇల్లనుకోండి. కింది అంతస్తు నిండా ఎలక్ట్రాన్లు. పై అంతస్తు ఖాళీ. మధ్యలో మెట్లు లేవు. తగినంత శక్తి ఉన్న కాంతి వచ్చి తంతే తప్ప ఎలక్ట్రాన్ పైకి ఎగరలేదు. మామూలు ఎండలో ఒకటీ అరా ఎగురుతుంటాయి, సోలార్ పలకలో కరెంటు పుట్టేది అలాగే. అదే తీవ్రమైన లేజర్ మెరుపు పడిందంటే ఎలక్ట్రాన్లు ఒక్క ఊపున గుంపులు గుంపులుగా పైకెక్కేస్తాయి.

విచిత్రమంతా ఇక్కడే ఉంది. మన పొయ్యి మీద ముందు గిన్నె కాగుతుంది, తర్వాత నూనె కాగుతుంది. లేజర్ దగ్గర ఇది తలకిందులు. గిన్నె లాంటివి సిలికాన్ అణువులు, నూనె లాంటివి ఎలక్ట్రాన్లు. ముందు నూనె సలసలా కాగిపోతుంది, గిన్నె మాత్రం ఇంకా చల్లగానే ఉంటుంది. ఎలక్ట్రాన్లు తమ వేడిని అణువులకు అందించడానికి ఇంచుమించు ఒక పికోసెకను పడుతుంది. ఆ మధ్యలో సిలికాన్ వేడెక్కకుండానే వేషం మార్చేస్తుంది.

ఏమిటా వేషాలు? ఒకటి, పై అంతస్తులో చోటు నిండిపోతే ఇంకా వచ్చే కాంతిని పట్టుకునేవాళ్లుండరు. నిండిన బస్సు స్టాపులో ఆగకుండా వెళ్లిపోయినట్టు కాంతి అలా సాగిపోతుంది. అంటే, కాంతిని పీల్చుకునే పదార్థమే దాన్ని దాటనిస్తుందన్నమాట. రెండు, పైకెక్కిన ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా ఊగడం మొదలుపెడతాయి. అవి ఎక్కువైపోతే సిలికాన్ కాసేపు లోహంలా ప్రవర్తించి కాంతిని వెనక్కి కొడుతుంది. మూడోది ఇంకా వింత. అణువుల్ని పట్టి ఉంచే బంధాలను కట్టేవి ఎలక్ట్రాన్లే. వాటిలో సుమారు పదో వంతు ఒక్కసారిగా పైకి వెళ్లిపోతే బంధాలు వదులైపోతాయి. అప్పుడు సిలికాన్ కాగకుండానే జావ కారిపోతుంది.

ఇది ఊహ కాదు. 1983లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో చార్లెస్ షాంక్ బృందం 90 ఫెమ్టోసెకన్ల లేజర్ మెరుపులతో సిలికాన్‌ను కొట్టి, అది మెరిసే తీరు ఎలా మారుతుందో కొలిచింది. ఒక హద్దు దాటిన మెరుపు పడితే పికోసెకను లోపే పరావర్తనం జివ్వున పెరిగింది. మామూలు సిలికాన్ తన మీద పడ్డ వెలుగులో మూడో వంతుకు కాస్త ఎక్కువే తిప్పికొడుతుంది. కరిగితే దానికి రెట్టింపు, అంటే 70 శాతం దాకా తిప్పికొడుతుంది.

రెండు ఆటోల లెక్క

మరి అంత తక్కువ సమయంలో జరిగేదాన్ని చూసేదెలా? అంత వేగంగా తెరుచుకుని మూసుకునే కెమెరా లేదు. అందుకని శాస్త్రవేత్తలు సులువైన చిట్కా ఒకటి కనిపెట్టారు. ఆరాంఘర్ నుంచి రెండు ఆటోలు ఒకేసారి బయల్దేరాయనుకోండి. ఒకటి నేరుగా శంషాబాద్ దారిలో విమానాశ్రయానికి వెళ్లింది. ఇంకొకటి కాటేదాన్, చాంద్రాయణగుట్ట, పహాడీషరీఫ్ మీదుగా చుట్టూ తిరిగి అక్కడికే చేరింది. రెండిటి వేగమూ ఒకటే అయితే రెండోది ఎంత ఆలస్యంగా వస్తుందో దూరాన్ని బట్టి ముందే చెప్పెయ్యొచ్చు, గడియారంతో పనే లేదు.

లేజర్ మెరుపునూ ఇలాగే రెండు పాయలు చేస్తారు. మొదటిది సిలికాన్‌ను తడుతుంది. బలహీనమైన రెండోది అద్దాల మధ్య కొంచెం చుట్టు తిరిగి వచ్చి, ‘ఇప్పుడెలా ఉన్నావమ్మా?’ అని చూసి వెళ్తుంది. అద్దాన్ని 0.15 మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే చాలు, కాంతి పోనూ రానూ 0.3 మిల్లీమీటర్లు అదనంగా నడవాలి. దాంతో సరిగ్గా ఒక పికోసెకను ఆలస్యం వస్తుంది. అద్దాన్ని కొద్దికొద్దిగా జరుపుకుంటూ పోతే ఒక్కో క్షణం ఒక్కో ఫొటోలా పేరుకుని సినిమా తయారవుతుంది.

ఆ నలుగురు

ఈ రంగం చరిత్ర తిరగేస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ముఖ్యమైన మలుపుల దగ్గర ఆడవాళ్లున్నారు. ఆ దారి మాత్రం వాళ్లకు పూలబాట కాదు.

జర్మనీలో పుట్టి పెరిగిన మరియా గోపర్ట్ మేయర్ 1930లో తన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథంలో ఒక మాట చెప్పారు. ఒక కాంతి కణం చాలనిచోట రెండు కణాలు ఒకేసారి తగిలితే ఎలక్ట్రాన్ పైకెక్కుతుందని. దాన్ని రుజువు చేయడానికి లేజర్ పుట్టాల్సి వచ్చింది. 1961లో అది నిజమేనని తేలింది. తీవ్రమైన లేజర్ పడినప్పుడు పదార్థాల్లో జరిగే చాలా వింతలకు మూలం ఆ మాటే. ఇంతటి మనిషికి పెళ్లయి అమెరికా వెళ్లాక ఏళ్ల తరబడి జీతమున్న సరైన ఉద్యోగమే దొరకలేదు. భార్యాభర్తలిద్దరికీ ఒకేచోట ఉద్యోగం ఇవ్వకూడదన్న నిబంధన అడ్డొచ్చింది. విశ్వవిద్యాలయాల్లో జీతం లేకుండానో, నామమాత్రపు జీతానికో పరిశోధన చేశారు. పూర్తి జీతంతో ప్రొఫెసర్ అయ్యింది 1960లో, అంటే 50 ఏళ్లు దాటాక! ఆ తర్వాత మూడేళ్లకు, 1963లో, అణుకేంద్రకం మీద చేసిన వేరే పనికి నోబెల్ వచ్చింది. రెండు కాంతి కణాల ముచ్చటను కొలిచే కొలమానానికి ఇవాళ ఆమె పేరే పెట్టుకున్నారు.

కెనడాకు చెందిన డోనా స్ట్రిక్‌లాండ్ విద్యార్థినిగా ఉన్నప్పుడు ఒక చిక్కుండేది. పొట్టి మెరుపును బలంగా చేయబోతే లేజర్ పరికరమే పగిలిపోయేది. ఆమె తన గురువు జెరార్డ్ మూరూతో కలిసి 1985లో ఉపాయం చెప్పారు. బోనాల ఊరేగింపు ఇరుకు సందులోంచి ఎలా పోతుంది? అందరూ ఒక్కసారి తోసుకుంటే గోడలు కూలతాయి. బారుగా సాగి, సందు దాటాక మళ్లీ గుంపు కడితే ఏ గొడవా ఉండదు. అలాగే మెరుపును ముందు సాగదీసి, బలం పెంచి, చివర్లో మళ్లీ కుదించారు. ఆమె రాసిన మొదటి పరిశోధనా పత్రం అదే! దానికే 2018లో నోబెల్ అందుకున్నారు. అంతకుముందు 55 ఏళ్లలో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న మహిళ ఒక్కరూ లేరు.

మూడో మనిషి స్విట్జర్లాండ్‌కు చెందిన ఉర్సులా కెల్లర్. సెమీకండక్టర్ వేషం మార్చే గుణాన్నే ఆమె పనిముట్టుగా మలిచారు. 1992లో బెల్ ల్యాబ్స్‌లో ఒక సెమీకండక్టర్ అద్దం తయారుచేశారు. బలహీనమైన కాంతి వస్తే అది మింగేస్తుంది. బలమైన మెరుపు వస్తే పై అంతస్తు నిండిపోయి మింగలేక తిప్పికొడుతుంది. దాన్ని లేజర్‌లో పెడితే బలమైన మెరుపు మాత్రమే బతికి బట్టకట్టి, తిరిగి తిరిగి పొట్టిగా తయారవుతుంది. అప్పటిదాకా నేర్పున్నవాళ్లు రోజూ సరిచేసుకుంటుంటేనే పనిచేసే ఇలాంటి లేజర్లు, ఈ అద్దం పుణ్యమా అని ఫ్యాక్టరీల్లోకి వచ్చేశాయి. మరుసటి ఏడాది ఆమె జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ ప్రొఫెసర్ అయ్యారు. అక్కడ ఆ విభాగంలో శాశ్వత ప్రొఫెసర్ పదవి దక్కిన మొదటి మహిళ ఆమే. 2012లో అక్కడి మహిళా ప్రొఫెసర్లందరికీ ఒక వేదిక ఏర్పాటు చేయడంలోనూ ముందు నిలిచారు.

ఇక నాలుగో మనిషి ఆన్ లూయిలే. ఫెమ్టోసెకనులో వెయ్యో వంతైన ఆటోసెకను మెరుపులకు దారి వేసినందుకు 2023లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నారు. స్వీడన్ నుంచి ఆ ఫోన్ వచ్చేసరికి ఆమె క్లాసు చెప్తున్నారు. విరామంలో కబురు తెలుసుకుని, మళ్లీ వెళ్లి పాఠం పూర్తి చేశారు! ఇలాంటి మెరుపులతోనే 2014లో అమెరికాలోని బర్క్‌లీలో సిలికాన్ ఎలక్ట్రాన్ పై అంతస్తుకు ఎగరడానికి పట్టే సమయాన్ని కొలిచారు. 450 ఆటోసెకన్ల కన్నా తక్కువేనని తేలింది.

మన ముంగిట్లో...

‘ఇదంతా అమెరికా, స్వీడన్ గొడవ’ అనుకోకండి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలుగా ఈ పని సాగుతోంది. డీఆర్‌డీవో సాయంతో ‘ఏక్రెమ్’ పేరుతో మొదలైన పరిశోధనా కేంద్రంలో ప్రొఫెసర్ సోమ వేణుగోపాలరావు బృందం ఫెమ్టోసెకను లేజర్‌తో పదార్థాల మీద అతి చిన్న గరుకులు చెక్కుతుంది. ఇసుమంత పేలుడు పదార్థం అంటినా పట్టించే పలకలుగా అవి పనికొస్తాయి. గోపన్‌పల్లిలోని టీఐఎఫ్ఆర్‌లోనూ తీవ్రమైన లేజర్ల మీద పరిశోధన జరుగుతోంది.

విమానాశ్రయం దాపునే ఉన్న రావిర్యాల గుర్తుందా? 2006లో అక్కడ ఫ్యాబ్ సిటీ వస్తుందని, చిప్పుల ఫ్యాక్టరీ పెడతారని గొప్పగా చెప్పుకున్నారు. ఆ చిప్పుల ఫ్యాక్టరీ రాలేదు. ఆ ప్రాంతంలో తర్వాత సోలార్, ఎలక్ట్రానిక్స్ కంపెనీలు వెలిశాయి. ఇప్పుడు వాడుకలో ఉన్న పెర్క్ రకం సోలార్ సెల్ చేసేటప్పుడు వెనకవైపు ఉండే సన్నటి పూతను లేజర్‌తోనే సన్నని గీతలుగా తెరుస్తారు. పూత పోవాలి, కింద సిలికాన్ కాలకూడదు. పాలు పొంగకుండా మీగడ తీసినంత ఒడుపుగా జరగాలన్నమాట. అందుకే పొట్టి మెరుపులకు అంత గిరాకీ.

కంటి సైట్ తగ్గించే ‘బ్లేడు లేని లేసిక్’ పేరు వినే ఉంటారు. అందులో కంటి ముందుపొరను తెరిచేది ఫెమ్టోసెకను లేజరే. ఆ పొర సెమీకండక్టర్ కాదు, కానీ సూత్రానికి మూలం గోపర్ట్ మేయర్ చెప్పిన మాటే. కాంతి కణాలు బాగా కిక్కిరిసినచోట మాత్రమే పని జరుగుతుంది, చుట్టుపక్కలకు వేడి పాకదు.

అమ్మాయి ఫిజిక్స్ అంటే...

ఇంటర్ అయ్యాక ‘ఫిజిక్స్ చదువుతానమ్మా’ అని కూతురు అంటే చాలా ఇళ్లలో వచ్చే జవాబు ఒకటే. ‘అదెందుకే, టీచర్ ఉద్యోగం తప్ప ఏమొస్తుంది? అందరూ కంప్యూటర్లు చదువుతుంటే!’ తల్లి భయంలోనూ అర్థముంది. ఎమ్మెస్సీ అయ్యేసరికి 22 ఏళ్లు, పీహెచ్‌డీకి మరో ఐదారేళ్లు. ఈలోగా సంబంధాలు రావడం మొదలవుతాయి. ప్రయోగశాలలో రాత్రి పొద్దుపోయేదాకా పని ఉంటుంది. ఇవేవీ లేవని బుకాయించడం తగదు.

కానీ కొన్ని సంగతులు తెలిసి నిర్ణయించుకోవడం మేలు. ఇంటర్ తర్వాత నేరుగా చేరడానికి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల ఎమ్మెస్సీ ఉంది. డిగ్రీ చేసినవాళ్లకు ఎమ్మెస్సీకి ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఐఐటీల్లో ఎమ్మెస్సీ చేయాలంటే జామ్ పరీక్ష రాయాలి. నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు చేతికి డబ్బొస్తుంది. 2023 జనవరి నుంచి ఈ మొత్తాన్ని నెలకు 37,000 రూపాయలు చేశారు. అంటే చదువుకు అమ్మానాన్నల మీద ఆధారపడక్కర్లేదు. పెళ్లి, పిల్లల వల్ల మధ్యలో ఆగిపోయిన వాళ్లు మళ్లీ పరిశోధనలోకి రావడానికి కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ ‘వైజ్-కిరణ్’ పేరుతో ప్రత్యేక పథకం నడుపుతోంది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఏ ఏడాదికాయేడు నోటిఫికేషన్ చూసుకోవాలి. చేరేముందు హాస్టల్ వసతి, రాత్రిపూట రవాణా, గైడ్ దగ్గర ఇంతకుముందు అమ్మాయిలెవరైనా పనిచేశారా అన్నవి అడిగి తెలుసుకోండి. అడగడం తప్పేం కాదు.

గోపర్ట్ మేయర్ తెలివికి పూర్తి జీతం ఇవ్వడానికి ఒక దేశం 30 ఏళ్లు తీసుకుంది. ఆ 30 ఏళ్లూ ఆమె పని మానలేదు కాబట్టి సరిపోయింది. మానేసిన వాళ్లెందరో మనకు లెక్క తెలియదు. మీ ఇంట్లో అమ్మాయి మెరుపెందుకు మెరుస్తుందని అడిగితే, ‘నీకెందుకే’ అనకండి. గచ్చిబౌలిలో ఏడాదికోసారి విద్యార్థుల కోసం ప్రయోగశాలలు తెరుస్తారేమో కనుక్కుని, ఒకరోజు వెంట తీసుకెళ్లండి. చూశాక నిర్ణయం తనకే వదిలెయ్యండి.

జాగ్రత్త సుమా!

* పిల్లలకు లేజర్ పాయింటర్ బొమ్మలు కొనివ్వకండి. క్షణం సేపు నేరుగా కంట్లో పడినా చూపు దెబ్బతినే ప్రమాదం ఉంది. అద్దాల మీదా, స్టీలు గిన్నెల మీదా పడి తిరిగొచ్చినా ముప్పే.

* ప్రయోగశాలల్లో వాడే చాలా ఫెమ్టోసెకను లేజర్ల కాంతి కంటికి దాదాపుగా కనిపించదు. కనిపించట్లేదు కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. చేరిన మొదటి రోజే సరైన రక్షణ కళ్లద్దాలు అడిగి తీసుకోవాలి.

* పచ్చబొట్లు, మచ్చలు తీయించుకోవడానికి ‘పికో లేజర్’ అంటూ ప్రకటనలు కనిపిస్తుంటాయి. పొట్టి మెరుపులు రంగును చిన్న ముక్కలు చేస్తాయన్న మాట నిజమే. కానీ మనలాంటి చామనఛాయ చర్మం మీద కొత్త మచ్చలు రావచ్చు. అర్హతలున్న చర్మ వైద్యుల దగ్గరే, ముందు చిన్నచోట పరీక్ష చేయించుకున్నాకే ముందుకెళ్లండి.